నాయనమ్మ కోసం నేయించిన చున్నీ

గుంటూరు చూడ్డానికి ఎవరూ రారు. పనుంటే వస్తారు, పెళ్ళుంటే వస్తారు, లేదంటే మిర్చి యార్డుకి టిక్కీలు, అంటే మిరప బస్తాలు, వేసుకుని వస్తారు. అందుకే నా రూమ్మేటు "వెళ్ళిపోయేలోపు బాగా తిరగాలే" అన్నప్పుడు నేను ఆగ్రా అనుకున్నాను, గోవా అనుకున్నాను. ఆవిడగారు మాత్రం బస్టాండులో బోర్డుల మీద చదువుకున్న పేర్లు వరసపెట్టి చెప్పింది. పెదకాకాని, మంగళగిరి, చీరాల, ఒంగోలు, సత్తెనపల్లి.

"ఈ ఎండల్లో సత్తెనపల్లి చూస్తావా? అక్కడేముందని?" అన్నాను. అది మా ఊరికి దగ్గరి టౌను కాబట్టి ఆ మాత్రం తీసిపారేసే హక్కు నాకుంది.

"నేనిక్కడ చూసింది హాస్టలు, ల్యాబు, ఆ రెంటి మధ్య బస్సు. ఇంటికెళ్ళాక ఇండియా ఎలా ఉందే అని అడిగితే ల్యాబులో ఫ్రిజ్జు బాగుందని చెప్పాలా?" అంది.

తనది ఇథియోపియా. పత్తి మీద ఎమ్మెస్సీ చేయడానికి వచ్చింది. హాస్టల్లో నా గదిలో రెండో మంచం తనది. మొదట్లో ఒకరి ఇంగ్లీషు ఒకరికి అర్థంకాక ఇద్దరం తలలూపుకుంటూ గడిపేశాం. తర్వాత తను తెలుగు పట్టేసింది. అదీ మెస్సులో వడ్డించే ఆడవాళ్ళ దగ్గర నేర్చుకుంది కాబట్టి మామూలు మాటలకి తడబడేది గానీ, పోట్లాటకి దిగితే మాత్రం గుక్కతిప్పుకునేది కాదు. మా ఆవకాయ తిని "బాగుంది, కాస్త చప్పగా ఉంది" అన్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. వాళ్ళింట్లోనూ మిరపకాయలు ఎండబెట్టి, దంచి, ఏడాదికి సరిపడా దాచుకుంటారట. ఆ మాట అన్న రోజు నుంచి మెస్సులో తనకి మర్యాద పెరిగింది.

తన వైవా అయిపోయింది. విమానం టికెట్టు మార్చి నెల నడిమికి దొరికింది. మధ్యలో ఖాళీగా కొన్ని వారాలు. నా థీసిస్ ఇంకా సగంలోనే ఉంది, మా గైడు గారు నన్ను చూస్తే మొహం తిప్పుకుంటున్నారు. అయినా సంచి సర్దుకుని తనతో బయల్దేరాను. తను వెళ్ళిపోతుంటే, ఇంక గదిలో కూర్చుని ఏం రాస్తాను?

ముందు మంగళగిరి వెళ్ళాలని పట్టుబట్టింది. దానికి కారణం తన తెల్లబట్ట. ఆదివారం నాతో చర్చికి వచ్చేటప్పుడు పల్చటి తెల్లటి నూలు గుడ్డ ఒకటి తలమీంచి భుజాల చుట్టూ కప్పుకునేది. రంగు అంచుండేది దానికి. మా చర్చి ఆడవాళ్ళంతా అది మంగళగిరి చున్నీయే అనుకుని ఏ షాపులో తీసుకున్నావని అడిగేవాళ్ళు. అది వాళ్ళ నాయనమ్మ చేత్తో వడికిన నూలుతో నేసిన బట్ట. ఒకసారి నేను సరదాగా కప్పుకుంటే తను గబుక్కున లాగి సరిచేసింది.

"అలా కాదు. అంచు పైకొచ్చింది."

"వస్తే ఏమైంది?"

"మామూలప్పుడు అంచు కిందికుండాలి. ఇంట్లో ఎవరైనా పోతే తిరగేసి కప్పుకుంటాం. అప్పుడు అంచు పైకి, మెడ దగ్గరికి వస్తుంది. దారిలో వాళ్ళు చూసి, అడక్కుండానే తెలుసుకుంటారు. మా తాత పోయి ఇన్నేళ్ళయినా నాయనమ్మ ఒక్కోసారి మర్చిపోయి అలాగే కప్పేసుకుంటుంది. మేమే తిప్పుతాం."

వాళ్ళమ్మా నాన్నా పట్నంలో ఉద్యోగాలు చేసుకుంటుంటే తను కొండల మీది ఊళ్ళో నాయనమ్మ దగ్గర పెరిగింది. ఆ ఊళ్ళో ఫోను సరిగా పలకదు. వాళ్ళన్నయ్య ఎప్పుడైనా అక్కడికి వెళ్తే గుట్టెక్కి, నాయనమ్మ చెవి దగ్గర ఫోను పెట్టేవాడు. ఆవిడ ఫోనులో కూడా లోయకి అవతల ఉన్నవాళ్ళని పిలిచినట్టు అరిచేది, మా గదిలో నాకు వినపడేది. మనవరాలు పై చదువుకి వెళ్తుంటే ఆవిడ చదువు సంగతే అడగలేదట. "అక్కడ పత్తి పండుతుందన్నావుగా. వాళ్ళ దూది కాస్త పట్టుకురా, నా కదురు మీద వడికి చూస్తాను" అందట. తను ఇంటికెళ్ళడం గురించి ఎప్పుడు మాట్లాడినా ఆ మాట దగ్గరికే వచ్చేది. పట్టా కంటే ఆ దూదే ముఖ్యం తనకి.

మంగళగిరిలో ఒక నేతవారి ఇంటికి తీసుకెళ్ళాను. గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని ఆయన నేస్తున్నాడు, పక్కన వాళ్ళావిడ కండెలు చుడుతోంది. నా రూమ్మేటు నేలమీద చతికిలబడి నూలు పోగుని వేళ్ళ మధ్య తిప్పి చూసింది.

"ఈ నూలు మీరే వడుకుతారా అండీ?"

"లేదమ్మా, మిల్లు నూలే. చేత్తో వడికేవాళ్ళు ఎక్కడున్నారిప్పుడు" అన్నాడాయన.

తను నా వైపు తిరిగి మొహం వెలిగిపోతుండగా "మా నాయనమ్మకి ఇది చెప్తే వారం రోజులు ఊరంతా చెప్పుకుంటుంది" అంది. అక్కడికక్కడే ఆవిడకి ఒక తెల్ల చున్నీ నేయించాలని నిర్ణయించేసింది. వాళ్ళు కప్పుకునే కొలతకి, ఎర్రంచుతో. పెద్దావిడకైతే అంచు చిన్నది పెడతానన్నాడు నేతాయన.

"వద్దండీ, పెద్దదే పెట్టండి. మా నాయనమ్మకి షోకులెక్కువ."

వాళ్ళావిడ పడీపడీ నవ్వింది. మగ్గం మీదున్నది అయ్యాక వేస్తామని, రెండు వారాలాగి రమ్మని చెప్పారు.

అక్కణ్ణుంచి చీరాల వెళ్ళాం. గుంటూరు జిల్లాలో అంతకాలం ఉండి కూడా తను సముద్రం చూడలేదు. వాళ్ళ దేశానికి సముద్రమే లేదు. వాడరేవులో ఆటో దిగి ఇసకలోకి రాగానే తను నిలబడిపోయింది. తర్వాత చెప్పులు, బ్యాగు, ఫోను అన్నీ నా మీద పడేసి పరిగెత్తింది. చుడీదారు మోకాళ్ళ దాకా తడిసింది, తర్వాత నడుం దాకా. వల లాగుతున్న జాలర్లు పని ఆపి మరీ చూసి నవ్వుకున్నారు. అల వచ్చి కొట్టినప్పుడల్లా తను వాళ్ళ భాషలో ఏదో తిట్టడం నాకు ఒడ్డున వినపడుతోంది.

అప్పుడే నా ఫోను మోగింది. వాళ్ళన్నయ్య. ఎప్పుడైనా అవసరమొస్తుందని నా నంబరు ఆయన దగ్గర ఉంచింది గానీ, ఆయన నాకు ఫోను చేయడం అదే మొదటిసారి. పక్కన తను ఉందా అని ముందు అడిగాడు. దూరంగా నీళ్ళలో ఉందన్నాను. అప్పుడు చెప్పాడు. నాయనమ్మ నిద్రలో పోయిందట. ఖననం కూడా అయిపోయింది. "తనకి చెప్పొద్దు. మా వైపు ఇలాంటి కబురు ఒంటరిగా ఉన్న మనిషికి చెప్పరు. తను ఇంటికి వచ్చాక, తెల్లవారుజామున అందరం కలిసి వెళ్ళి లేపి చెప్తాం. అప్పుడు తన చుట్టూ మేముంటాం. అప్పటిదాకా మీరు చూసుకోండి." ఆయన ఇంగ్లీషు చాలా మర్యాదగా, నెమ్మదిగా ఉంది. నేను సరేనన్నాను. ఆ పరిస్థితిలో ఇంకేమంటాం?

ఫోను పెట్టేసి తల ఎత్తితే తను నీళ్ళలోంచి రెండు చేతులూ ఊపుతోంది, రమ్మని. నేనూ చెయ్యి ఊపాను.

నాకు ఈ పద్ధతి కొత్త కాదు. అందుకే ఇంకా మండింది. మా వైపు కూడా చావు కబురు ఫోనులో చెప్పరు. మనిషి పోయి గంటలు దాటినా, కావలసినవాళ్ళు ఇంటికి చేరేదాకా సీరియస్‌గానే ఉంటాడు. మా తాతయ్య పోయినప్పుడు నేను ఇంటర్ హాస్టల్లో ఉన్నాను. "సీరియస్‌గా ఉంది, బయల్దేరి రా" అన్నారు. గుంటూరు నుంచి ఊరిదాకా బస్సు కిటికీకి తల ఆనించి దేవుడితో బేరాలాడుతూ వచ్చాను. ఇక సినిమాలు చూడనన్నాను, అమ్మ మీద విసుక్కోనన్నాను, పాపాలు చిన్నచిన్నవే అయినా నా దగ్గరున్నవన్నీ ఒప్పేసుకున్నాను. వీధి మలుపు తిరగ్గానే షామియానా కనపడింది. ఆ బేరాలన్నీ ఎవరి కోసం ఆడానో తలుచుకుంటే నాకు తాతయ్య పోయినందుకంటే అబద్ధం చెప్పినందుకే ఎక్కువ ఏడుపొచ్చింది. "దారంతా ఒక్కదానివే ఏడుస్తూ వస్తావని చెప్పలేదే" అంది అమ్మ. నేను చాలా రోజులు ఆ మాటని క్షమించలేదు.

ఇప్పుడు అదే అబద్ధం నా చేతికొచ్చింది. చెప్పేస్తే తను పరాయి దేశంలో, ఏ బస్టాండులోనో, నాయనమ్మని పోగొట్టుకుంటుంది. చెప్పకపోతే లేని మనిషి కోసం రోజూ ఏదో ఒకటి కొంటూ నా పక్కన తిరుగుతుంది. రెండిట్లో ఏది మంచిదో నాకు తెలియలేదు. మాటిచ్చాను కాబట్టి చెప్పలేదు, అంతే.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్తాను. ఒంగోలులో మైసూర్‌పాక్ కొని, "పళ్ళు లేవుగా, ఇది నోట్లో కరిగిపోతుంది, బాగుంటుంది" అంది. పెదకాకాని గుడి ముందు అంగళ్ళలో చిన్న ఇత్తడి గంట ఒకటి కొని, "నాయనమ్మ మేకకి కడుతుంది, దేవుడికేమైనా కోపం వస్తుందా?" అని అడిగింది. రాదన్నాను. అన్నిటికీ నన్నే అడిగేది, నచ్చుతుందా, నచ్చదా అని. నేను ఆ పక్కనున్న దేన్నో చూస్తూ "నచ్చుతుందిలే" అనేదాన్ని. రాత్రంతా బాగానే పడుకుని పగలు అలిసిపోవడం అప్పుడే తెలిసింది నాకు.

చెప్పిన రోజుకి మంగళగిరి వెళ్ళి చున్నీ తెచ్చుకున్నాం. తెల్లగా, మల్లెపూవంత మెత్తగా ఉంది, అరచేతి వెడల్పున ఎర్రంచు. నేతాయన మడతపెట్టి రెండు చేతులతో ఇచ్చి "పెద్దావిడకి మా నమస్కారాలు చెప్పమ్మా" అన్నాడు. తను కూడా రెండు చేతులతో పుచ్చుకుని "చెప్తానండీ" అంది. నేను నీళ్ళు తాగాలని చెప్పి వీధిలోకి వచ్చేశాను.

గుంటూరు బస్టాండులో ఆ సాయంత్రం గొడవపడ్డాం. పల్లెవెలుగు బస్సులో సీటు మీద కర్చీఫు వేయలేదని నేను మొదలుపెట్టాను. అక్కణ్ణుంచి అది చిరిగి చేటంత అయ్యింది. తను నా మొహంలోకి చూసి, "నాకు తెలుసు నీకేమైందో" అంది. ఫోను సంగతి తెలిసిపోయిందనుకున్నాను. "నేను వెళ్ళిపోతున్నానని నీకు కోపం. నువ్వు ఏడవడం మానేసి తిడుతున్నావు" అంది. అది కూడా నిజమే కాబట్టి తలూపాను. తను నా చెయ్యి పట్టుకుని, బస్సు కదిలేదాకా వదల్లేదు. అప్పుడు నోటిదాకా వచ్చింది, చెప్పేద్దామని. కండక్టరు టికెట్ అన్నాడు.

ఆఖరి వారం మా ఊళ్ళో గడపాలని ముందే అనుకున్నాం. సత్తెనపల్లిలో బస్సు మారి వెళ్ళాలి. మిర్చి కోతలు ముగుస్తున్నాయి. రోడ్డుకి రెండు పక్కలా కల్లాల్లో కాయలు ఎండుతున్నాయి, బస్సులో సగంమంది తుమ్ముతున్నారు. తను ఒక్కతే కిటికీలోంచి తల బయటపెట్టి గుండెనిండా పీల్చి "మా ఇంటి వాసన" అంది.

మా నాన్న గుంటూరు యార్డులో పనిచేస్తారు, ఆదివారాలే ఇంటికొస్తారు. ఇంట్లో అమ్మ ఒక్కతే. చర్చి బడిలో టీచరు. మా సంఘంలో స్త్రీల కూడిక నడిపేది కూడా తనే. నా రూమ్మేటుని చూడగానే అమ్మ "చిక్కిపోయావేంటే" అంది. ఇంతకుముందు చూసింది వీడియో కాల్లోనే అయినా సరే. అన్నం కలిపి మొదటి ముద్ద తన నోట్లో పెట్టింది. వాళ్ళ దేశంలో కూడా ఇష్టమైనవాళ్ళకి ముద్ద కలిపి నోటికి అందిస్తారట. మొహమాటపడితే ఇంకా పెద్ద ముద్ద పెడతారట. తను వెంటనే ఇంకో ముద్ద కలిపి అమ్మ నోట్లో పెట్టింది. వాళ్ళిద్దరూ అలా ఒకరికొకరు పెట్టుకుంటుంటే నేనొక్కదాన్నే నా చేత్తో నేను తిన్నాను.

తను స్నానానికి వెళ్ళినప్పుడు వంటింట్లో అమ్మకి చెప్పేశాను. అన్ని రోజులు ఒక్కదాన్నే మోశాను, ఇక నా వల్ల కాలేదు. అమ్మ గరిటె పక్కన పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెప్పేద్దామా అమ్మా?" అన్నాను.

"వాళ్ళవాళ్ళు వద్దన్నారుగా. వాళ్ళ బిడ్డ, వాళ్ళిష్టం. నువ్వు నోరు జారకు. నేనూ ఎవరికీ చెప్పను" అంది.

మా అమ్మ అబద్ధమాడదు. ఆవిడ నిజంగానే ఎవరికీ చెప్పలేదు. కాకపోతే ఆ మర్నాడు స్త్రీల కూడిక ఉంది.

మా సంఘంలో ఒక పద్ధతుంది. ఎవరికి ఏ కష్టమొచ్చినా "ఎవరికీ చెప్పకండి, ప్రార్థనలో పెట్టండి" అంటారు. ప్రార్థనలో పెట్టడమంటే అందరూ కళ్ళు మూసుకుని ఉండగా గట్టిగా చెప్పడం. కళ్ళు మూసుకుని విన్నది లెక్కలోకి రాదని అందరి నమ్మకం. ఎవరికి సంబంధం కుదరలేదో, ఎవరి మొగుడు తాగొచ్చాడో, ఎవరి కడుపు నిలవలేదో మా ఊళ్ళో అలాగే తెలుస్తాయి. అమ్మ కూడా మనసు ఆగక, "ప్రభువా, మా ఇంటికొచ్చిన పరదేశి బిడ్డ నాయనమ్మని నీ దగ్గరికి పిలుచుకున్నావు, ఆ సంగతి ఎరగని బిడ్డని ఓదార్చు" అని ప్రార్థన చేసిందట. అందరూ ఆమెన్ అన్నారట. తర్వాత కళ్ళు తెరిచి, పిల్లకి ఒక్క ముక్క కూడా తెలియనివ్వకూడదని ఒకరికొకరు గట్టిగా చెప్పుకున్నారట.

ఆ సమయానికి మేమిద్దరం చేలో ఉన్నాం. ఆఖరి తీత అయిపోయిన పత్తిచేను, మోళ్ళ మీద అక్కడక్కడా విడిచిన కాయలు. తను ఒక్కో కాయ దగ్గరా వంగి, గింజ తీసేసి, దూది మాత్రం తెల్ల గుడ్డసంచిలో వేసుకుంది. గింజ తీసుకెళ్తే విమానాశ్రయంలో పట్టుకుంటారని తనకి తెలుసు. ఎండలో గంటలకొద్దీ అదే పని. వేళ్ళకి గీరుకుని నెత్తురొస్తే నోట్లో పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టింది. "చాల్లేవే" అన్నాను. "నాయనమ్మ ఒక్కరోజులో వడికేస్తుంది ఇదంతా. తర్వాత ఇంతేనా తెచ్చింది అంటుంది" అంది. చేను గట్టు మీద కూర్చుని చూస్తూ నాకు ఏడుపొచ్చింది. మిరప ఘాటు అన్నాను.

తెల్లారింది. అమ్మ పొయ్యి వెలిగించబోతుంటే వాకిట్లోంచి కేక. పక్కింటి పెద్దమ్మ. మిర్చి కల్లాల్లో కూలీల మేస్త్రీ ఆవిడ, గుసగుసగా మాట్లాడితే రెండు వీధులకి వినపడుతుంది. చేతిలో గిన్నె.

"ఊరికేనే, ఉప్మా ఎక్కువైపోయింది" అంది. ఆవిడ ఉప్మా వండగా నేను నా జన్మలో చూడలేదు.

ఆవిడ వెళ్ళిన వెంటనే పాస్టరమ్మ గారు ఇడ్లీలు తెచ్చారు. తర్వాత బడి దగ్గరి ఆయా అన్నం, పప్పుచారు. అటు వీధిలోంచి ఒకావిడ క్యారేజీ నిండా పులిహోర. ప్రతివాళ్ళూ ఒకటే మాట, "ఊరికే, ఎక్కువైంది." ఎవరూ గుమ్మంలో నిలబడి కబుర్లు పెట్టలేదు. మామూలప్పుడు నా రూమ్మేటు జుట్టు పట్టుకు చూసి, వాళ్ళ దేశంలో ఏం తింటారు, పెళ్ళెప్పుడు అని ప్రాణం తీసే ఆడవాళ్ళు, ఆ రోజు తన తలమీద చెయ్యి వేసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నేల చూపులు చూసింది. అప్పుడు అర్థమైంది నాకు, ప్రార్థనలో పెట్టేసిందని.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు వండి పంపిస్తారు. మా ఊళ్ళో కులమేదైనా, మతమేదైనా ఈ ఒక్కటీ తప్పదు. నోరు మూసుకోమంటే మూసుకున్నారు పాపం, మాట దాటలేదు. కానీ దుఃఖం ఉన్న ఇంట్లో ఆడవాళ్ళు వండుకు తింటుంటే చూస్తూ ఊరుకోవడం వాళ్ళకి చేతకాలేదు.

నా రూమ్మేటు అరుగు మీద మంచినీళ్ళ గ్లాసుతో కూర్చుని ఉంది. మొదట ఉప్మాకి నవ్వింది, ఇడ్లీలకి చప్పట్లు కొట్టింది. క్యారేజీ వచ్చేసరికి గ్లాసు కింద పెట్టింది. లేచి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వైపు చూసింది. తర్వాత వరసగా పేర్చిన గిన్నెల వైపు చూసింది. తర్వాత అమ్మ వైపు.

"అమ్మా," అంది. "మనింట్లో ఎవరు పోయారు?"

అమ్మ ఒక గిన్నె మీద మూత సరిచేసింది.

"మా ఊళ్ళో కూడా ఇలాగే తెస్తారు. పొయ్యి వెలిగించనివ్వరు. ఎవరమ్మా? మా నాయనమ్మేనా?"

అమ్మ తనని దగ్గరికి లాక్కుంది. తను మొదట ఏడవలేదు, అమ్మ భుజం మీదుగా నన్నే చూస్తోంది. నేను వాడరేవు దగ్గర ఫోను వచ్చిందని చెప్పాను. ఆ మాట వినగానే తన మొహం చెదిరిపోయింది. వాళ్ళ భాషలో నాయనమ్మని పిలుస్తూ నేలమీద కూలబడింది. గోడకి అవతల వింటూనే ఉన్నట్టుంది, పక్కింటి పెద్దమ్మ వెంటనే వచ్చేసింది. ఆ వెనక పాస్టరమ్మ గారు, ఆయా, పులిహోరావిడ. ఎవరూ పిలవలేదు. వచ్చి తన చుట్టూ నేలమీద కూర్చున్నారు. పెద్దమ్మ తన తల ఒళ్ళో పెట్టుకుని, తనకి తెలియని ఆ ముసలావిడ కోసం గొంతెత్తి ఏడిచింది. "బంగారంలాంటి తల్లీ, మనవరాల్ని చూసుకోకుండానే పోయావా" అని రాగం తీసింది. అది దొంగ ఏడుపు కాదు. ఇంట్లో అందరం ఏడిచాం. ఒంటరిగా ఉన్నప్పుడు వినకూడదని వాళ్ళన్నయ్య అన్నాడు. తను ఒంటరిగా వినలేదు.

కాసేపటికి తను లేచింది. పెట్టె తెరిచి మంగళగిరి చున్నీ తీసింది. మడత విప్పి, తిరగేసి, భుజాల చుట్టూ కప్పుకుంది. ఎర్రంచు మెడ దగ్గరికి వచ్చింది. అమ్మ పులిహోర ముద్ద కలిపి నోటికి అందిస్తే, మొహమాటపడకుండా తింది.

"నా మీద కోపమా?" అన్నాను ఆ సాయంత్రం.

"ఉంది," అంది. "రేపు తిడతాను." తర్వాత "సముద్రంలో నేను ఎగురుతుంటే నువ్వొక్కదానివే ఒడ్డున కూర్చుని ఏం చేశావు?" అని అడిగింది. చెయ్యి ఊపానన్నాను. తను నా భుజం మీద తల పెట్టుకుంది. మర్నాడు అన్నమాట ప్రకారం తిట్టింది, మెస్సులో నేర్చుకున్న తెలుగులో. నాకు ప్రాణం లేచొచ్చింది.

వాళ్ళన్నయ్యకి నేను ఫోను చేసి జరిగింది చెప్తానన్నాను. తను వద్దంది. "వాళ్ళు నాకు చెప్పాలని ఇన్నాళ్ళు ఓర్చుకున్నారు. మా అమ్మ నాతో ఫోనులో నవ్వుతూ మాట్లాడింది, అందరూ మాట్లాడారు. అక్కడ తెల్లవారుజామున నన్ను లేపడానికి ఎవరెవరు రావాలో కూడా అనుకుని ఉంటారు. ముందే తెలుసంటే వాళ్ళ కష్టమంతా ఏమైపోవాలి? వాళ్ళనే చెప్పనీ. మళ్ళీ ఒకసారి వింటాను" అంది. దూది సంచిని కూడా పెట్టెలో పెట్టింది. నాయనమ్మ కదురు వాళ్ళ మేనత్త తీసుకుంటుందట. ఆవిడకి వడకడం సరిగా రాదు, నేర్చుకుంటుందిలే అంది.

గన్నవరం విమానాశ్రయానికి అమ్మా నేనూ కూడా వెళ్ళాం. దారంతా తను ఎర్రంచు మెడ దగ్గరుంచుకునే కూర్చుంది. తాడేపల్లి దాటి కృష్ణ మీద వంతెన ఎక్కాక కిటికీ దించి చూసింది.

గేటు దగ్గర అమ్మని గట్టిగా కావలించుకుంది, తర్వాత నన్ను. పెట్టె పట్టుకుని రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి వచ్చి, భుజాల మీంచి చున్నీ తీసి, తిరగేసి మళ్ళీ కప్పుకుంది. అక్కడ విమానం దిగేసరికి ఇంటివాళ్ళంతా బయట ఎదురుచూస్తుంటారు, తనకేమీ తెలియదని నమ్ముతూ.

"సరిగ్గా ఉందా?" అని అడిగింది.

వీపు వెనక కాస్త పైకి పోయింది. కిందికి లాగి సరిచేశాను. అంచు కిందికే ఉందని చెప్పాను.